సంగిడి రాయి, మోకాటి గుజ్జు

పాత కుస్తీ వస్తాదును చెవి చూసి పోల్చుకోవచ్చు. బరిలో పట్టు మీద పట్టు పడి, చెవి రాపిడికి నలిగి, డొప్ప లోపల నెత్తురు గూడుకడుతుంది. డొప్పకు ఆకారమిచ్చే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దాన్ని అంటిపెట్టుకున్న పలచటి పొరే దానికి అన్నం పెడుతుంది. మధ్యలో నెత్తురు చేరి ఆ పొర ఊడిందంటే మృదులాస్థి చచ్చిపోయి, చెవి ముడుచుకుపోయి బొడిపె కడుతుంది. తాలింఖానాలో అలాంటి చెవికి మర్యాద ఎక్కువ.

మృదులాస్థి మోకాలిలోనూ ఉంది. అక్కడ పాడైతే మాత్రం ఎవరికీ కనబడదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో బరువెత్తడం పాత సరదా. సంక్రాంతికీ, అమ్మవారి సంబరాలకీ సంగిడి రాళ్ల పోటీలు పెడతారు. బండ నేల వదిలి లేస్తుంటే చూసేవాళ్ల కళ్లన్నీ చేతుల మీదా, రొమ్ము మీదా ఉంటాయి. బరువంతా దిగేది మోకాళ్ల మీదికి. దండీలతో పాటు వందల బస్కీలు తీయించేది అందుకే. గొంతుక్కూర్చుని లేచేటప్పుడు మోకాలిచిప్ప తొడ ఎముక మీద గట్టిగా నొక్కుకుంటుంది. ఆ రెండింటి నడుమ ఉన్నది కొద్ది మిల్లీమీటర్ల మందాన నున్నటి మృదులాస్థి పూత. ఊళ్లో జనం 'గుజ్జు' అనేది దాన్నే.

ఈ నేల నుంచి దేశమంతా పేరు మోసిన మొదటి బలశాలి కోడి రామ్మూర్తి నాయుడు. 1880ల్లో వీరఘట్టంలో పుట్టారు. అది అప్పట్లో శ్రీకాకుళం వైపు ఊరు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, మళ్లీ విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యారు. తర్వాత సర్కస్ పెట్టి రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నారు, ఒంటికి బిగించిన గొలుసులు తెంచారు. జనం 'కలియుగ భీముడు' అన్నారు. అంతటి మనిషికి చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆయన కాలానికి వైద్యులకు కీళ్ల గుజ్జు గురించి తెలిసిన ముఖ్యమైన సంగతి రెండు వందల ఏళ్ల నాటిది. 1743లో లండన్‌లో విలియం హంటర్ కీళ్ల మృదులాస్థి మీద ఓ వ్యాసం చదివాడు. ఒకసారి చెడితే అది తిరిగి రాదన్నది అందులోని సారం. ఎందుకు రాదో తర్వాత తేలింది. అందులో నెత్తురు పారదు, నరం లేదు. ఉన్న కాసిని కణాలూ ఒకదానికొకటి దూరంగా, తమ చుట్టూ అల్లుకున్న వలలో ఇరుక్కుని ఉంటాయి. అడుగేసినప్పుడు గుజ్జు స్పంజిలా నొక్కుకుని నీరు వదులుతుంది, కాలెత్తినప్పుడు మళ్లీ పీల్చుకుంటుంది. ఆ కణాలకు తిండి అందే దారి ఇదే. కదలని కీలుకూ చేటే, మితిమీరి నలిగిన కీలుకూ చేటే. నరం లేదు కాబట్టి అరుగుదల మొదలైన సంగతి మనిషికి తెలియదు. నొప్పి తెలిసేసరికి కింది ఎముకకూ, కీలు చుట్టూ ఉన్న పొరకూ సెగ తగిలి ఉంటుంది.

ఆ వలలోని దారం పేరు కొల్లాజెన్. దాని రూపు తేల్చింది మద్రాసులో. జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో, 1955లో 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసాలతో అది ముప్పేట పురి అని లోకానికి తెలిసింది. తోలుకు గట్టిదనమిచ్చేదీ కొల్లాజెనే.  మృదులాస్థిలోని కొల్లాజెన్ చర్మంలో దొరికే రకం కాదని 1969లో మిల్లర్, మటుకాస్ కోడిపిల్లల మృదులాస్థిలో చూపించారు.

1994లో రెండు సంగతులు జరిగాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు 23 మంది మోకాళ్ల నుంచి మృదులాస్థి కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న చోట తిరిగి పెట్టిన ఫలితాలను ప్రకటించారు. హంటర్ మాటకు అది తొలి గట్టి సవాలు. అదే ఏడు ఇస్తాంబుల్‌లో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి ప్రపంచ చాంపియన్ అయ్యారు. నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చిన పిల్ల ఆమె.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. చివరి ప్రయత్నంలో 137.5 లేవలేదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. తర్వాత విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఆ దారిలో నడిచింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో గెలిచిన కాంస్యం, మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో వెండిగా మారింది.

ఈ బరువులకు మోకాలు ఏమవుతుంది? ఫిన్లాండ్‌లో 117 మంది మాజీ క్రీడాకారుల మోకాళ్లకు ఎక్స్‌రేలు తీసి 1995లో లెక్క చెప్పారు. అరుగుదల షూటర్లలో 3 శాతం మందికి, పరుగు పందేల వాళ్లలో 14, ఫుట్‌బాల్ ఆటగాళ్లలో 29, వెయిట్‌లిఫ్టర్లలో 31 శాతం మందికి కనిపించింది. ముప్పు పెంచినవేవో కూడా వెతికారు. పాత మోకాటి దెబ్బ, ఇరవయ్యేళ్ల వయసుకే ఎక్కువైన ఒంటి బరువు బయటపడ్డాయి. వాటితో పాటే ఏళ్ల తరబడి చేసిన బరువు పని, గొంతుక్కూర్చునో మోకాళ్లూనో చేసే పని కూడా ఉన్నాయి.

పోటీ నాడు లిఫ్టర్‌కు బార్ పట్టే అవకాశాలు ఆరే. పలాసలో జీడిపిక్కల కుప్ప ముందు రోజంతా గొంతుక్కూర్చునే ఆడవాళ్లకు అలాంటి లెక్క లేదు. వాళ్లు సాయంత్రం లేచేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి లేస్తారు.