పిడికెడు బియ్యము - డోర్నకల్ సంఘ చరిత్ర

డోర్నకల్ అనగానే మనలో అనేకులకు రైలు జంక్షను జ్ఞాపకమునకు వచ్చును. 1889లో రైలుమార్గము బెజవాడ వరకు పూర్తియాయెను. సింగరేణి బొగ్గు గనులకు పోవు శాఖ ఇచ్చటనే చీలెను. ఆ విధముగా నైజాము రాజ్యములోని ఈ చిన్న ఊరికి పేరు వచ్చినది. అయితే రైలు తెచ్చిన పేరు కంటె, ఆ చుట్టుపట్ల పేదజనులు సంపాదించిన పేరు గొప్పది. ఆ వృత్తాంతము మన పల్లె సంఘములు తెలిసికొనదగినది.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్వంతముగా ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. విదేశధనమును ఆశింపక, తమ కానుకలతోనే తెలుగువారి యొద్దకు సేవకులను పంపిరి. ఆ స్థాపకులలో ఒకరు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు. ఆయన 1874లో ఒక పల్లె గురువుగారి యింట పుట్టిరి. ఇతరులను పంపుటతో తృప్తిపడక, 1909లో తామే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆయన పాలనకు వచ్చిన విశ్వాసులలో అత్యధికులు మాలలు, మాదిగలు. కూలియే వారి జీవనము; చదువు లేదు, అప్పు మాత్రము కలదు. ఊరి బావి వారికి దూరము. అంతేకాదు, ఆ రెండు వాడల వారు ఒకరి చేతి నీరు ఒకరు త్రాగరు. ఇట్టివారు ఒకే బల్ల యొద్ద ఒకే పాత్రలోనిది త్రాగవలెను. ఇది నోటితో చెప్పుట సులభము, చేయుట కష్టము. మురికి, రోగము, అప్పు, త్రాగుడు - ఈ నాలుగు శత్రువులతో పోరాడవలెనని బిషప్పుగారు బోధించుచుండిరి. ఎడ్లబండి మీదను, సైకిలు మీదను పల్లెపల్లె తిరిగిరి. భార్య అన్బు మరియమ్మాళ్ గారు స్త్రీల మధ్య పనిచేసిరి.

పల్లెలో ఉపాధ్యాయుని యిల్లే సంఘమునకు కేంద్రము. పగలంతా కూలికి పోయినవారు రాత్రి దీపము వెలుగున అక్షరములు దిద్దిరి. చదువరానివారు కీర్తనలు కంఠస్థము చేసి, కోలాటములో పాడుచు వేదకథలు నేర్చిరి.

ఇంత బీదవారి సంఘము దేనితో నడచును? బిషప్పుగారు బీదవారికి ఈవి నేర్పుటకు వెనుదీయలేదు. తల్లి ఎసటిలో బియ్యము పోయునప్పుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో ఉంచును. ఆదివారమున ఆ బియ్యము గుడికి వచ్చును. కోతకాలపు పండుగలో ధాన్యము, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకలు వచ్చును. తరతరములుగా ఒకరి యొద్ద చేయి చాచి పుచ్చుకొన్నవారు ఇచ్చువారైరి. ఇచ్చు చేయి క్రమముగా తల యెత్తుకొని నిలుచుట నేర్చెను. వారి మారిన నడవడిని చూచి ఇతర కులములవారును కొందరు సంఘములో చేరిరి.

ఈ కానుకలే రాళ్లుగా మారినట్లు, సుమారు ఇరువదియైదేండ్ల శ్రమ తరువాత, 1939 జనవరి 6న ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములు దక్కను మసీదులను, స్తంభములు మన ప్రాంతపు మండపములను తలపించును. క్రీస్తు సంఘము ఈ నేలకు పరాయిది కాదని ఆ కట్టడము సాక్ష్యమిచ్చుచున్నది.

1945 జనవరి 1న బిషప్పుగారు డోర్నకల్‌లోనే నిద్రించిరి. ఆయన ఎంతో ప్రయాసపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. ఆ దినమును ఆయన చూడలేదు. 1948లో నైజాము పాలన ముగిసెను. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడెను. 2016లో డోర్నకల్ కొత్త మహబూబాబాద్ జిల్లాలో చేరెను. ప్రభుత్వములు మారినవి, దేవాలయము నిలిచియున్నది.

ప్రియులారా, మన ఊరి గుడి గోడ బీటలు వారినప్పుడు మనమెవరి వైపు చూచుచున్నాము? పట్టణపు ధనికుని వైపా, దూరదేశపు సహాయము వైపా? మొదట మన వంటయింటి కుండ వైపు చూతము. ఒక్క పిడికెడు చిన్నదే. ప్రతి యింట ప్రతి దినము తీసినయెడల అది చిన్నది కాదు. ఆ తల్లుల మనస్సు దేవుడు మనకును అనుగ్రహించును గాక.