మంచి గాలి కోసం కొండెక్కినవారు

సాలూరు దాటాక, పాచిపెంట మండలంలోని పి.కోనవలస దగ్గర ఘాట్ రోడ్డు మొదలవుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి బస్సు కిటికీలోంచి వచ్చే గాలి చల్లబడుతుంది. పైన సుంకి, పొట్టంగి, ఆపైన కోరాపుట్. ఈ దారిని కాచిన పాచిపెంట జమీందార్లకు జయపురం రాజులిచ్చిన బిరుదు ‘దక్షిణ కవాట యువరాజు’. కొండసీమకు దక్షిణపు తలుపు వీళ్ల చేతిలో ఉండేదన్నమాట. ఆ తలుపు దాటినవాళ్లలో షికారుకు వచ్చినవాళ్లు లేరు. తీరం నుంచి ఉప్పు ఎక్కించి, కొండ ధాన్యం దించే ఎద్దుల బిడార్లు వెళ్లేవి. అప్పుడప్పుడు సైన్యాలు కదిలేవి.

ఎండలు ముదరగానే చల్లని కొండకు మకాం మార్చడం తెల్లదొరలు నేర్పిన అలవాటు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కాడు. తర్వాత కొన్నేళ్లకే ఊటీలో దొరల బంగళాలు లేచాయి. విశాఖపట్నం దొరలకూ అలాంటి కొండ కావాలనిపించింది. కళ్లెదుటే అరకు పక్కన అయిదు వేల అడుగులకు పైబడిన గాలికొండ ఉంది. పేరులోనే గాలి! ఉత్తర సర్కారుల్లోని తెల్ల సిపాయిలకు అక్కడ ఆరోగ్య విడిది ఏర్పాటు చేయాలని 1860 ప్రాంతంలో ప్రయత్నించారు. చలిజ్వరం పట్టుకుంది. బాగుపడదామని ఎక్కినవాళ్లు మంచం పట్టి దిగారు. విడిది ఆలోచన అక్కడితో సరి.

ఆ జ్వరాన్ని దొరలు మలేరియా అన్నారు. ఇటలీ భాషలో ఆ మాటకు చెడ్డ గాలి అని అర్థం. మంచి గాలి కోసం గాలికొండ ఎక్కినవాళ్లు గాలినే తప్పుపట్టి దిగిపోయారు. తప్పు గాలిది కాదు, దోమది. ఆ సంగతిని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే తేల్చాడు. కానీ అప్పటికే ఊటీ, అరకుల దారులు వేరైపోయాయి.

అరకును పట్నానికి దగ్గర చేసినవి వేరే అవసరాలు. ఇప్పుడు పిల్లలు బొమ్మ రైలెక్కే పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి వేసింది. 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి. దానికోసమే 58 సొరంగాలు తొలిచారు. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ, దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా చాలాకాలం పేరు మోసింది. రాయి కోసం వేసిన పట్టాల మీదే మనిషి షికారుకు బయల్దేరాడు. 2017లో అద్దాల పైకప్పు విస్టాడోమ్ బోగీ వచ్చింది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒక్కటే కేక.

కాఫీ కూడా అంతే. షికారుకు వచ్చినవాళ్ల కోసం పెంచిన పంట కాదది. సిల్వర్ ఓక్ నీడన, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో పెంచుతున్నారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊటీలోలా ఇక్కడ బయటివాళ్ల ఎస్టేట్లు పరుచుకోకపోవడానికి 1970 నాటి 1/70 చట్టం ఒక కారణం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల పేరిట భూమి మారడానికి అది ఒప్పుకోదు.

ఈ రోజుల్లో అరకు అంటే రెండు రోజుల సెలవు. వలిసె పూల పసుపులో ఫొటో, వెదురు బొంగులో చికెన్, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర చేతులు చాచి ఒక నిండు ఊపిరి. అది దొరలు వెతుక్కున్న గాలే.

అయితే జ్వరం కథ ఇంకా పూర్తి కాలేదు. డీడీటీ వచ్చాక, 1953లో దేశమంతా మలేరియా మీద పోరు మొదలయ్యాక అది తగ్గింది, పోలేదు. వానాకాలంలో ఏజెన్సీ గూడేల్లో ఆశా కార్యకర్తలు ఇప్పటికీ జ్వరం వచ్చినవాళ్ల వేలి కొసన నెత్తురుచుక్క తీసి చూస్తుంటారు. సిపాయిలకు దిగిపోవడానికి కింద పట్నం ఉంది. ఆదివారం సాయంత్రం మనకూ ఉంది. కొండమీద ఊరున్నవాళ్లకు దిగే చోటు లేదు. వాళ్లు దోమతెరలు కట్టుకుని అక్కడే పడుకుంటారు.