పలమనేరు పల్లెల్లో క్రైస్తవ బాలల విద్య: ఉపదేశి బడి నుంచి సండే స్కూలు దాకా

పలమనేరు ప్రాంతంలో క్రైస్తవ పిల్లలకు విశ్వాసం నేర్పిన తొలి చోటు వారమంతా నడిచే పల్లె బడి. సండే స్కూలు ఆ బడి కడుపున పుట్టింది. బడి, ప్రార్థన మందిరం, ఉపదేశి ఇల్లు చాలా ఊళ్లలో ఒకే కప్పు కింద ఉండేవి. ఈ మూడూ ఎలా కలిశాయో, ఎందుకు విడిపోయాయో తెలుసుకుంటే ఇక్కడి పిల్లల విశ్వాస విద్య చరిత్ర చాలావరకు తెలిసినట్టే.

మొగిలి కనుమ ఎక్కి వచ్చాక సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున పలమనేరు ఉంది. ఒక పక్క కన్నడ సీమ, మరో పక్క తమిళ సీమ. నీలగిరుల్లో మకాములు ఏర్పడకముందు మద్రాసులోని ఆంగ్లేయులు ఎండాకాలం తలదాచుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఎక్కువ భాగం తమిళం మాట్లాడేది. పలమనేరు మాత్రం తెలుగు వైపు. ఇక్కడి క్రైస్తవ విద్యకు ఏ భాష ఆధారం కావాలన్న ప్రశ్న మొదటినుంచీ ముందుకు రావడానికి కారణం ఇదే.

ప్రొటెస్టెంట్లు రాకముందే ఈ పీఠభూమికి క్రైస్తవ బోధ పరిచయం. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రెంచి జెసూట్ పాదిరులు కర్ణాటక మిషన్ పేరుతో పొరుగున ఉన్న పుంగనూరులో గుడి కట్టుకుని తెలుగులో బోధించారు. అచ్చుపుస్తకం అందుబాటులో లేని ఆ రోజుల్లో జపాలు, ఆజ్ఞలు, ప్రశ్నోత్తరాలు నోటితో చెప్పి నోటితో అప్పజెప్పించుకోవడమే పద్ధతి. 1773లో జెసూట్ సభ రద్దయ్యాక ఆ పని సన్నగిల్లింది. వల్లె వేయించే పద్ధతి మాత్రం తర్వాత వచ్చిన వారి చేతుల్లోనూ కొనసాగింది. వీధి బడుల్లో శతకాలు, ఎక్కాలు కంఠతా పట్టే దేశానికి అది కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు.

తర్వాత వచ్చినవారు అమెరికా నుంచి వచ్చిన స్కడర్లు. ఆ కుటుంబానికి మూలపురుషుడు డాక్టర్ జాన్ స్కడర్ 1819లో సిలోనుకు బయలుదేరి, 1836లో మద్రాసు చేరాడు. 1842 నుంచి 1846 దాకా స్వదేశంలో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి సండే స్కూలు పిల్లలతో మాట్లాడటమే పనిగా పెట్టుకున్నాడు. దక్షిణ భారతం గురించి పిల్లలకు ఉత్తరాల రూపంలో పుస్తకాలు రాశాడు. పలమనేరులో సండే స్కూలు అనే మాట వినబడకముందే అమెరికా సండే స్కూళ్లలో ఈ దేశపు మాట వినబడింది. ఆ పుస్తకాల్లో మన దేశాన్ని చీకటి దేశంగా చిత్రించిన తీరు ఈనాటి పాఠకుడికి రుచించదు, రుచించాల్సిన పనీ లేదు. అయితే ఇక్కడి బడులకు విరాళాలు పంపిన ఒక తరం ఆ ఉత్తరాలు చదివే తయారైంది. జాన్ స్కడర్ ఏడుగురు కుమారులూ భారతదేశంలో మిషనరీలయ్యారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను స్థాపించిన ఐడా స్కడర్ ఆయన మనుమరాలు.

ఆ కుమారుల్లో హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్ కలిసి 1853లో ఆర్కాటు మిషన్ స్థాపించారు. 1857లో అది అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘం చేతికి వచ్చింది. ఈ సంఘానికి పిల్లల బోధనలో పాత సంప్రదాయం ఒకటి ఉంది. 1563లో జర్మనీలో తయారైన హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి దానికి మూలగ్రంథం. అందులోని 129 ప్రశ్నలను ఏడాదిలోని 52 ఆదివారాలకు పంచారు. విశ్వాసాన్ని వారాల వారీ పాఠంగా చూసే అలవాటు ఉన్న సంఘమే ఇక్కడికి వచ్చిందన్నమాట.

ఆర్కాటు మిషన్ తొలి విధానం అప్పటి ఇతర మిషన్ల దారికి భిన్నం. మద్రాసు వంటి పట్టణాల్లో కొన్ని మిషన్లు ఇంగ్లీషు బడులు పెట్టి అగ్రవర్ణాల పిల్లలను చేర్చుకుంటే, స్కడర్లు అది తమ పని కాదన్నారు. దేశభాషలో ఊరూరా ప్రకటించడం ముఖ్యమనీ, బడులు క్రైస్తవుల పిల్లలకోసమేననీ నియమం పెట్టుకున్నారు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ నియమాన్ని సడలించుకున్నారు. ఈలోగా దానివల్ల ఒక మేలు జరిగింది. ఏ బడిలోనూ కాలు పెట్టనివ్వని మాలపల్లె క్రైస్తవ పిల్లల కోసమే ప్రత్యేకంగా బడులు వెలిశాయి.

1860ల నుంచి ఈ మిషన్ పల్లెల్లో ఒక ఒప్పందపు పద్ధతి నడిచింది. ఒక ఊళ్లో కొన్ని కుటుంబాలు కలిసి వచ్చి విగ్రహారాధన మానతామని, ఆదివారం పనికి వెళ్లమని, చచ్చిన పశువుల మాంసం ముట్టమని మాట ఇవ్వాలి. దానికి బదులుగా మిషన్ ఆ ఊరికి ఒక ఉపదేశిని పంపుతుంది. బాప్తిస్మం తర్వాతి మాట, ముందు నేర్చుకోవాలి. పెద్దలకు చదువు రాదు. పొద్దస్తమానం రెడ్ల పొలాల్లో పని. కాబట్టి ఉపదేశికి చిక్కేది పిల్లలే, అదీ పశువులు కాయడానికి పోని పిల్లలు. పగలు వారికి అక్షరాలు, రాత్రి పెద్దలకు ప్రార్థన, ఆదివారం ఇద్దరికీ కలిపి ఆరాధన. అన్నీ మట్టిగోడల మీద బోదకప్పు వేసిన ఆ ఒక్క గదిలోనే.

ఆ గదిలో విశ్వాస విద్య, అక్షర విద్య వేరుగా ఉండేవి కావు. ఇసుకలో వేలితో దిద్దిన అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే పిల్లవాడి చేతికి వచ్చే పుస్తకం సువార్త. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం చదువు రాకముందే నోటికి వచ్చేవి. తర్వాత చదువు నేర్చి వాటిని పుస్తకంలో వెతుక్కునేవారు. ఇంట్లో చదవగలిగింది ఆ పిల్లవాడే కాబట్టి సాయంత్రం తల్లిదండ్రులకు వాక్యం చదివి వినిపించేదీ వాడే. తరతరాలుగా పెద్దల నుంచి పిల్లలకు దిగే జ్ఞానం ఈ ఇళ్లలో ఒక తరంపాటు పిల్లల నుంచి పెద్దలకు ఎక్కింది. పలమనేరు క్రైస్తవ విద్యలో ఇంతకంటే పెద్ద సంఘటన లేదు.

తెలుగు వైపు ఈ పనికి రూపం ఇచ్చినవాడు జేకబ్ చేంబర్లిన్. 1835లో అమెరికాలో పుట్టి, వేదాంతంతోపాటు వైద్యం కూడా చదివి, 1860లో మద్రాసు చేరాడు. తొలి ఏళ్లు పలమనేరులో ఉండి తెలుగు నేర్చి, 1863లో మదనపల్లెకు మారాడు. సంఘపు ఆరాధన క్రమాన్ని తెలుగులోకి తెచ్చాడు, తెలుగు పాటల పుస్తకం కూర్చాడు. 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. పిల్లల పాఠానికీ బైబిలు సవరణకూ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. ఉపదేశి బడిలో వేరే వాచకం లేనప్పుడు బైబిలు భాషే పిల్లల భాష. గ్రాంథికం ముదిరితే మాలపల్లె పిల్లవాడికి అర్థం కాదు, మరీ వాడుకకు దిగితే చదువుకున్నవారు గౌరవించరు. ఆ రెంటి మధ్య కుదిరిన తెలుగులోనే దక్షిణ రాయలసీమ క్రైస్తవ కుటుంబాలు నేటికీ ప్రార్థన చేస్తాయి.

పాటల సంగతీ ఇంతే. ఉత్తరాంధ్రలో జీవించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాలతో కూర్చిన కీర్తనలు మిషన్ల ఎల్లలు దాటి తెలుగు సంఘాలన్నిటికీ చేరాయి. ఆ తర్వాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటం అందరి ఉమ్మడి పుస్తకమైంది. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించిన పాటలు పుస్తకంలో పక్కపక్కనే ఉన్నా, పిల్లల నోట నిలిచినవి దేశవాళీ కీర్తనలే. చదువు రాని తల్లి కూడా పాట ద్వారా పిల్లకు పాఠం చెప్పగలిగింది.

ఇక అసలు సండే స్కూలు. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఫ్యాక్టరీ పిల్లల కోసం నడిపిన బడి నుంచి ఈ ఉద్యమం ఊపందుకుంది. వారం పొడుగునా పనిచేసే పిల్లలకు ఆదివారం తప్ప తీరిక లేదు. పలమనేరు పల్లెల్లోనూ పశువుల కాపరి పిల్లలది అదే పరిస్థితి. 1872లో అమెరికాలో మొదలైన ఏకరూప పాఠాల పద్ధతి ప్రకారం ఒకే ఆదివారం అన్ని ఊళ్లలో ఒకే పాఠం చెప్పడం అలవాటైంది. 1876లో అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడి, దేశభాషల్లో పాఠాలకూ పరీక్షలకూ దారి తీసింది. గోడకు వేలాడదీసి వారానికొక బొమ్మ తిప్పే రంగు పటాల చుట్టలు, వెనక వాక్యం రాసిన చిన్న బొమ్మ కార్డులు అప్పటి సామగ్రి. వచనం అప్పజెప్పిన పిల్లవాడికి కార్డు బహుమానం. రంగుల కాగితం అరుదైన ఆ ఇళ్లలో ఆ కార్డు గోడకెక్కి ఏళ్ల తరబడి ఉండేది.

పగటి బడి నుంచి బైబిలు పాఠం మెల్లగా పక్కకు జరగడానికి సర్కారు గ్రాంటు కూడా కారణం. 1854 నాటి వుడ్ విద్యా పత్రం తర్వాత మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు బడులకు సాయం ఇవ్వసాగింది. ఆ సాయం చాలాకాలం పిల్లలు చదవడం, రాయడం, లెక్కల్లో చూపిన ఫలితాలను బట్టి వచ్చేది. ఇన్‌స్పెక్టరు బైబిలు గురించి ఒక్క ప్రశ్నా వేయడు. అందుకని బైబిలు గంట ఉదయం మొదటి గంటకు పరిమితమైంది, మిగతాది ఆదివారానికి చేరింది.

ఇన్ని ఊళ్లకు ఉపదేశులు కావాలి కదా. వారిని తయారు చేయడానికి 1888లో ఆర్కాటు వేదాంత పాఠశాల పలమనేరులోనే మొదలైంది. దాని నిధికోసం చేంబర్లిన్ అమెరికాలో తిరిగి విరాళాలు సేకరించాడు, విలియం స్కడర్ ప్రధానోపాధ్యాయుడయ్యాడు. కొంతకాలం తర్వాత పాఠశాల వేలూరుకు తరలిపోయింది. 1910లో బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టిన మిషన్లలో ఆర్కాటు మిషన్ ఒకటి. పలమనేరు ఒక చిన్న తాలూకా కేంద్రం. అటువంటి ఊరు కొన్నేళ్లపాటు తమిళ, తెలుగు పల్లెలకు బోధకులను పంపిందన్న సంగతి ఊరి చరిత్ర చెప్పుకునేటప్పుడు మరుగున పడిపోతుంది.

ఆడపిల్లల విషయంలో దారి వేరు. వారిని బడికి పంపడానికి ఇష్టపడని ఇళ్లకు బైబిలు స్త్రీలు వెళ్లి కథలు చెప్పేవారు, చదువు నేర్పేవారు. చిత్తూరులోని బాలికల బోర్డింగు బడి నుంచి చదువుకున్న అమ్మాయిలు ఉపాధ్యాయినులుగా, ఉపదేశుల భార్యలుగా పల్లెలకు వచ్చారు. చిన్నపిల్లల తరగతి చాలాచోట్ల వారి చేతిలోనే ఉండేది. రాసిన చరిత్రల్లో దొరల పేర్లు, అరుదుగా ఉపదేశుల పేర్లు కనిపిస్తాయి. ఈ స్త్రీల పేర్లు దాదాపు కనిపించవు. అది సరిదిద్దుకోవలసిన లోపం.

పెద్దపిల్లలకు, యువకులకు మొదట్లో ప్రత్యేకంగా ఏమీ లేదు. బాప్తిస్మం, ఆపై పెద్దల సభ ముందు విశ్వాసం ఒప్పుకుని ప్రభువు బల్లలో చేరడం, అంతటితో సరి. 1881లో ఫ్రాన్సిస్ క్లార్క్ అమెరికాలో స్థాపించిన క్రైస్తవ ఎండెవర్ సంఘం ఈ మిషన్ ఊళ్లకూ వచ్చింది. ప్రతి సభ్యుడూ రోజూ బైబిలు చదువుతానని, ప్రార్థిస్తానని ప్రమాణం చేయాలి. వారపు కూటంలో వంతుల వారీగా మాట్లాడాలి. అందరి ముందు నోరు విప్పే అవకాశం ఊళ్లో దొరకని యువకుడికి ఇక్కడ అది విధి. తర్వాతి తరాల్లో ఉపాధ్యాయులు, సంఘ పెద్దలు అయినవారికి ఈ కూటాలు మంచి తరిఫీదు.

1908లో దక్షిణ భారత ఐక్య సంఘం, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాయి, ఈ మిషన్ సంఘాలు వాటిలో కలిశాయి. సి.ఎస్.ఐ.లో బిషపు ఉన్నాడు కాబట్టి పెద్దల సభ ముందు ఒప్పుకోలు స్థానంలో బిషపు చేతులుంచి ప్రార్థించే కన్ఫర్మేషన్ వచ్చింది. దానికి ముందు నడిచే తరగతులే కౌమారంలోని పిల్లలకు క్రమబద్ధమైన బోధన అయ్యాయి. పాత ప్రశ్నోత్తరి పద్ధతి ఇందులోనే మిగిలింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 28వ అధికరణం ఈ కథలో అసలు మలుపు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదు. గుర్తింపు లేదా సాయం పొందే సంస్థల్లో పిల్లవాణ్ణి సంరక్షకుల అనుమతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదు. ఇది న్యాయమైన నియమం. అదే ఏడాది వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత సిక్కులకు, బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులకు ఇవ్వలేదు. దానితో, ఆ హోదా పోకుండా ఉండేందుకు, బడి రిజిస్టరులో ఒక మతం, సంఘ రిజిస్టరులో మరో మతం ఉండే ఇబ్బంది దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలకు పుట్టుకతోనే వచ్చింది. సర్కారు బడులు పల్లెపల్లెకూ వచ్చాక ఉపదేశి బడుల అవసరం కూడా తీరింది. ఒకే గదిలో ఉన్న రెండు చదువుల్లో ఒకటి బయటికి నడిచింది. విశ్వాస విద్య చర్చిలోనే, ఆదివారం ఆరాధనకు ముందో వెనకో దొరికే గంటలో ఇమడవలసి వచ్చింది.

ఆ గంట చాలదని తోచిన చోట వేసవి సెలవులు ఆదుకున్నాయి. 1901లో రాబర్ట్ బోవిల్ న్యూయార్కులో విస్తరించిన వెకేషన్ బైబిల్ స్కూలు తెలుగు నేలమీద విబిఎస్‌గా స్థిరపడింది. ఎండాకాలం కొన్ని రోజులపాటు ఉదయం పూట పాటలు, అభినయం, కథ, కంఠత వాక్యం, చేతిపని. చివరి రోజు తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. డిసెంబరులో క్రిస్మస్ నాటిక కూడా ఈ పిల్లల చేతిమీదుగానే జరుగుతుంది. సి.ఎస్.ఐ. మాత్రమే కాక కథోలిక, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలన్నీ ఏదో రూపంలో ఈ క్రమాన్ని పాటిస్తున్నాయి. కథోలికుల్లో పిల్లల విశ్వాస బోధను సత్యోపదేశం అంటారు, మొదటి దివ్య సత్ప్రసాదానికి అది సిద్ధపాటు.

ఇప్పటి సండే స్కూలు పిల్లలు సోమవారం నుంచి శనివారం దాకా ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆదివారం తెలుగు బైబిలు తెరుస్తున్నారు. ఒకప్పుడు తల్లిదండ్రులకు వాక్యం చదివి వినిపించింది పిల్లలైతే, నేడు తెలుగు అక్షరాలు తడబడే పిల్లలకు ఆ పని తల్లులు, అవ్వలు చేస్తున్నారు. పాఠం చెప్పేది ఇప్పటికీ జీతం లేని సంఘ సభ్యులు, వారిలో ఎక్కువమంది స్త్రీలు.