గ్రహణం, గూనపెంకులు, సూదిబెజ్జం

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో సూర్యగ్రహణమంటే తలుపులు మూసుకునే వేళ. పట్టుకు ముందే వంటలు, భోజనాలు ముగించేవారు. పచ్చడి జాడీల మీద, నీళ్ల బిందెల మీద గరిక వేసేవారు. గర్భిణులను గడప దాటనిచ్చేవారు కాదు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టేవారు. అది పడిపోతే గ్రహణం విడిచినట్టే. వేములవాడ, ధర్మపురి, బాసర ఆలయాలను ఇప్పటికీ గ్రహణవేళ మూసి, విడుపు తర్వాత సంప్రోక్షణ చేసి తెరుస్తారు. గోదావరి రేవుల్లో విడుపు స్నానాలు సాగుతాయి.

అలా మూసుకున్న ఇంట్లోకే గ్రహణం వచ్చేది. గూనపెంకులు జరిగిన చోట సందులోంచి ఎండ దిగి, పొయ్యి పొగలో గీతలా కనిపించి, అలికిన నేల మీద గుండ్రని మచ్చగా పడుతుంది. చిన్న సందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రమే, ఎందుకంటే అది సూర్యబింబం. సందు నుంచి నేల ఎంత దూరమో అందులో 108వ వంతు ఆ మచ్చ వెడల్పు: 3 మీటర్లకు సుమారు 28 మిల్లీమీటర్లు. గ్రహణం ముదిరేకొద్దీ ఆ మచ్చ నెలవంకగా మారుతుంది, అదీ తలకిందులుగా. బయటికి రాని ముసలివాళ్ల కాళ్ల దగ్గరే ఆకాశంలోని సంగతంతా జరిగిపోయేది. ఈ నెలవంకలకు కారణమేమిటో 11వ శతాబ్దంలోనే అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ ఒక గ్రంథంలో వివరించాడు.

ఊళ్లు తలుపులు మూసుకున్నా, శాస్త్రవేత్తలు గ్రహణాన్ని వెతుక్కుంటూ వచ్చారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటదర్శినితో చూస్తే, బ్రిటిష్ సైనికాధికారి టెన్నెంట్ బృందం ఫోటోలు తీసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ ఛాయ తెలంగాణ దక్షిణ భాగం మీదుగా సాగింది. శాస్త్రవేత్తలు హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలకు చేరారు. ఉత్తర జిల్లాలకు దక్కింది పాక్షిక గ్రహణమే. ఆ రోజు చాలా ఊళ్లలో వీధులు నిర్మానుష్యమయ్యాయి. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు తర్వాతి గ్రహణాలకు పిల్లలను బయటికి తెచ్చి, అట్టకు సూదితో బెజ్జం పొడిచి కాగితం మీద బింబాన్ని చూపించాయి. బెజ్జంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు. సూర్యుడికి వీపు పెట్టి కాగితాన్నే చూడాలి. చిల్లుల గరిటె అడ్డుపెట్టినా, చింతచెట్టు కింద నిలబడినా డజన్ల కొద్దీ నెలవంకలు కనిపిస్తాయి.

లెన్స్ తీసేసిన డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీయడానికి పెట్టే సూదిబెజ్జం కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. కెమెరా మూతకు నడుమ తొలిచి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కను సూదిమొనతో పొడిచి, అంచు నునుపు చేసి లోపల అతికిస్తారు. సెన్సర్‌కు సుమారు 45 మిల్లీమీటర్ల దూరంలో 0.3 మిల్లీమీటర్ల బెజ్జం సరిపోతుంది. పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది. మరీ చిన్నదైతే కాంతి అంచుల దగ్గర వంగి మళ్లీ మసకే. మండుటెండలో కూడా దాదాపు ఒక సెకను వెలుతురు కావాలి కాబట్టి స్టాండు తప్పదు. సెన్సర్ మీది దుమ్ము మచ్చలుగా బయటపడుతుంది. గోపురాలకు, గుట్టలకు ఈ కెమెరా చక్కగా పనికొస్తుంది గానీ గ్రహణానికి పనికిరాదు: ఇందులో సూర్యబింబం అర మిల్లీమీటరైనా ఉండదు, దాదాపు బెజ్జమంత కావడంతో నెలవంక రూపు చెరిగిపోతుంది. సెంటీమీటరు బింబం కావాలంటే మీటరుకు పైగా పొడవున్న అట్టపెట్టె కావాలి.