కళాశాల ప్రాంగణంలో దాచిన ఆయుధం: చరిత్ర, చట్టం, తల్లిదండ్రుల బాధ్యత

కళాశాల విద్యార్థి ఆత్మరక్షణకై తుపాకీని దుస్తుల చాటున దాచుకొని తరగతికి వెళ్లవచ్చునా? అమెరికాలో ఈ ప్రశ్నపై చాలాకాలంగా వాదోపవాదాలు సాగుతున్నవి. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు, సరిహద్దు గ్రామాల వారికి ఇది దూరపు సంగతిగా తోచవచ్చును. కాని మన పిల్లలలో కొందరు ఆ దేశంలో చదువుచున్నారు. ఇక్కడ చదివేవారి విషయంలో తుపాకీ స్థానాన్ని వేటకొడవలి ఆక్రమించుచున్నది. కావున రెండు దేశాల చట్టాలను, ఈ నేల అనుభవాన్ని ఒకచోట తెలుసుకొనుట మేలు.

ఆయుధం పట్టిన నేల

విజయనగర, మధుర నాయక రాజుల కాలంలో తెలుగు సేనానాయకులు, వారి వెంట వచ్చిన కుటుంబాలు ఈ నల్లరేగడి భూములలో స్థిరపడినారు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుని కాలాన ఏర్పడిన పాళయాల పద్ధతిలో ప్రతి పాళెగానికీ కోట, సాయుధ బలగం ఉండేవి. గ్రామాల కావలి కూడా వారి బాధ్యతే. ఆ ఆయుధం బహిరంగమైనది. దానికి బాధ్యుడెవరో ఊరందరికీ తెలుసు.

1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చి కోటపై దాడి చేసినాడు. తెలుగు మూలాలు గల పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో ఉరితీసినారు. ఆయన తమ్ముడు ఊమైదురై నడిపిన తిరుగుబాటు అణగిన పిమ్మట, 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటన ద్వారా దక్షిణ సీమలో ఆయుధాల వాడకాన్ని నిషేధించినాడు. 1878 నాటి ఆయుధ చట్టం దేశమంతటా భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసి, యూరోపియనులకు మినహాయింపునిచ్చినది. ఈ వివక్షను ఆనాడే కాంగ్రెసు నాయకులు వ్యతిరేకించినారు. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసి వివక్షను తొలగించినది, లైసెన్సును మాత్రం ఉంచినది.

మన చట్టం ఏమి చెప్పుచున్నది?

1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకొనరాదు. 21 ఏండ్లు నిండనివారు తుపాకీ కలిగియుండుటకు వీలులేదు. డిగ్రీ విద్యార్థులలో అధికులు ఈ వయసులోపువారే. ఎన్.సి.సి. విద్యార్థులు రైఫిల్ పేల్చినను అది అధికారుల పర్యవేక్షణలో జరిగే శిక్షణ మాత్రమే. ముగియగానే ఆయుధం తిరిగి ఆయుధాగారానికి చేరును.

పంట కాపలాకో, ప్రాణరక్షణకో ఇంటి పెద్ద లైసెన్సు పొందియున్నను, అది కళాశాలకు వర్తించదు. ప్రత్యేక అనుమతి లేకుండా తిరునాళ్లకు, మతపరమైన ఊరేగింపులకు, విద్యాసంస్థల ఆవరణలోనికి ఆయుధం తీసుకుపోరాదన్నది లైసెన్సు షరతులలోనే ఉన్నది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకీ కలిగియున్నందుకు శిక్ష రెండు నుండి ఐదేండ్ల వరకు ఉండును.

అమెరికాలో పరిస్థితి

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పులలో 32 మంది మరణించినారు. వారిలో తమిళనాడు నుండి వెళ్లిన ఆచార్యుడు జి.వి. లోగనాథన్ ఒకరు. అదే ఏడాది డిసెంబరులో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని నివాసంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు తుపాకీకి బలియైనారు.

పోలీసులు వచ్చులోపు నిరాయుధులు తమను తాము కాపాడుకొనలేరు గనుక శిక్షణ పొందిన పెద్దలకు అనుమతి ఇవ్వవలెనని ఒక పక్షం వాదించును. 1966లో టెక్సాస్ విశ్వవిద్యాలయ గోపురం నుండి హంతకుడు కాల్పులు జరిపినప్పుడు కొందరు పౌరులు తమ తుపాకులతో ఎదురు కాల్చిన మాట నిజమే. ఆ ఘటనకు సరిగా 50 ఏండ్లు నిండిన 2016 ఆగస్టు 1న టెక్సాస్ చట్టం అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం లైసెన్సు గలవారు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో తుపాకీని దాచి తీసుకుపోవచ్చును. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు దీనిని నిషేధించినవి. గందరగోళంలో తుపాకీ పట్టిన రక్షకుడెవరో, హంతకుడెవరో పోలీసులు ఎట్లు గుర్తింతురన్నది రెండవ పక్షం ప్రశ్న.

మన పిల్లలకు ముఖ్యమైనది మరొకటి. విద్యార్థి వీసాపై ఉన్నవారు తుపాకీ కలిగియుండుటను, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టమే నిషేధించుచున్నది. రాష్ట్ర చట్టం ఉదారంగా ఉన్నదని నమ్మి తుపాకీ పట్టిన విద్యార్థి చదువుతోపాటు వీసాను కూడా కోల్పోవచ్చును.

ఇక్కడి అసలు ముప్పు

మన ప్రాంతపు విద్యార్థులకు తుపాకీ అందదు గాని, తమిళంలో అరువాళ్ అనబడే వేటకొడవలి ప్రతి ఇంటా ఉండును. కేవలం వ్యవసాయానికి వాడే పనిముట్టుకు ఆయుధ చట్టం లైసెన్సు అడుగదు. తోటివానిని నరికినప్పుడు మాత్రం అది మారణాయుధమే. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో కుల ద్వేషంతో తోటి విద్యార్థులు ఒక దళిత బాలుని ఇంట జొరబడి కొడవళ్లతో నరికినారు. అడ్డువచ్చిన చెల్లెలు కూడా గాయపడినది. ప్రభుత్వం నియమించిన జస్టిస్ చంద్రు సంఘం 2024 జూన్‌లో నివేదిక సమర్పించి, కులాన్ని సూచించే రంగుల చేతిపట్టీలను బడులలో నిషేధించవలెనని సూచించినది. 2025 ఏప్రిల్‌లో పాళయంకోటలోని ఒక బడిలో ఎనిమిదవ తరగతి బాలుడు సంచిలో దాచి తెచ్చిన కొడవలితో సహవిద్యార్థిని నరికినాడు. ఆపబోయిన ఉపాధ్యాయురాలికీ గాయమైనది.

ఆ వయసు కోపం గంటలో చల్లారును. సంచిలో ఆయుధం ఉన్నచో ఆ గంట గడువదు. పాళెగాని ఆయుధానికి ఊరు సాక్షి. సంచిలోని ఆయుధానికి సాక్షి లేదు, బాధ్యత లేదు. కావున తుపాకీ అయినను, కొడవలి అయినను కళాశాల గేటు దాటరాదు.

తల్లిదండ్రులు గమనించవలసినవి

• లైసెన్సు తుపాకీని, తూటాలను వేర్వేరుగా తాళం వేసి ఉంచవలెను.
• కొడవలి, కత్తి కనబడకపోయినచో వెంటనే ఆరా తీయవలెను.
• పిల్లవాడు బడికి వెళ్లుటకు భయపడుచున్నచో కారణం అడిగి తెలుసుకొని, ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా తెలుపవలెను. బెదిరింపు ఉన్నచో పోలీసులకు, లేదా 18 ఏండ్లలోపు పిల్లల విషయమైతే 1098 నంబరుకు ఫోను చేయవలెను.
• "నిన్ను కొడితే నీవూ కొట్టు" అని ఇంట నూరిపోయరాదు. ఆ మాటయే మరునాడు సంచిలో కొడవలి కావచ్చును.