అక్కరకు మించిన సరకు

మనిషి తన అక్కరకు మించి వస్తువులను ఎందుకు కొంటాడు? కొన్నవాటిని వాడక ఎందుకు దాచుకొంటాడు? ఈ ప్రశ్నకు జవాబు వెదకటానికి చెరకు పండిన బోధన్ సీమకంటె తగిన చోటు లేదు.

బోధన్‌లోని శక్కర్‌నగర్ పేరులోనే ఒక కథ ఉన్నది. సంస్కృత ‘శర్కర’ ఉర్దూలో ‘శక్కర్’ అయినది. అరబ్బీలో ‘సుక్కర్’ అయి ఐరోపా భాషలకు చేరినది. మాట వెంట సరకూ పోయినది. పదహారవ శతాబ్దంలో ఇంగ్లండు ప్రభువులు పంచదారతో కోటలు, బొమ్మలు చేయించి విందుబల్లలపై అతిథులకు చూపేవారు. నాలుకకంటె కంటికే అది ఎక్కువ పనికివచ్చినది. ఆ దేశంలో పంచదార 1650లో అరుదైన వస్తువనీ, 1750లో విలాసవస్తువనీ, 1850 నాటికి నిత్యావసరమైనదనీ మానవశాస్త్రజ్ఞుడు సిడ్నీ మింట్జ్ 1985లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించినాడు. నేటి ఆడంబరం రేపు అవసరమని పేరు మార్చుకొంటుంది. మన ప్రశ్నకు ఇది సగం జవాబు.

మిగిలిన సగం నిజామాబాదు చరిత్రలో దొరుకుతుంది. మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసినది. ఆ నీటికి చెరకు వచ్చినది. ఆ చెరకుకు 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. జీతగానివలె రైతుకు నెలనెలా డబ్బు రాదు. ఏడాదంతా అప్పు, పంట తీరినాక ఒక్కమారుగా రొక్కం. అట్లు వచ్చిన సొమ్ము పండుగవలె వస్తుంది, పండుగవలెనే పోతుంది.

1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫ్ దేశాలలో కట్టడపు పనులు విస్తరించినవి. నిజామాబాదు, ఆర్మూరు, కామారెడ్డి ప్రాంతాలనుండి ఎందరో కూలికి పోయినారు. తిరిగివస్తూ టేపురికార్డర్లు, చేతిగడియారాలు, సెంటుసీసాలు, మెత్తని కంబళ్లు తెచ్చినారు. విదేశీ గృహవస్తువుల దిగుమతిపై మన దేశంలో కఠిననిర్బంధాలున్న కాలమది. బజారులో దొరకని వస్తువుకు ధరను మించిన విలువ ఏర్పడుతుంది. ఒక టేపురికార్డరు పాటకు చాలును. రెండవది చుట్టానికి, మూడవది అద్దాల బీరువాకు.

దీనిని దుబారా అని కొట్టివేయటం సులభం. కాని ఎడారి ఎండలో ఇటుకలు మోసిన అయిదేండ్లు ఎవరికి కనిపిస్తాయి? ఊరికి కనిపించేది ఆ బీరువా ఒక్కటే. సంపన్నులు నలుగురి కంటపడటానికై చేసే ఖర్చును గూర్చి అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో వ్రాసినాడు. ఆయన పరిశీలించినది తీరిక గలవారిని. తీరిక లేని మన కూలీలు సైతం అదే ఖర్చు చేసినారు. తాము ఎవరికీ తీసిపోమని ఊరికి చెప్పుకొనటానికి చేసినారు.

2001 ఏప్రిల్ 1న దిగుమతులపై మిగిలిన పరిమాణ నిర్బంధాలు తొలగినవి. విదేశీ సరకు అంగట్లో సులభమైనది. అప్పుడైనా ఆశ తగ్గవలసినది, తగ్గలేదు. టేపురికార్డరు చోటికి సెల్‌ఫోను వచ్చినది, రొక్కం చోటికి వాయిదా వచ్చినది. వెనుకటివాడు సంపాదించి కొన్నాడు. నేటివాడు సంపాదించబోయేదానితో కొంటున్నాడు. ఇందులోని అపాయం బోధన్‌కు తెలియనిది కాదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన శక్కర్‌నగర్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. రాబడి నిలిచినా వాయిదా నిలువదు.

అట్లని కొనవద్దనటం న్యాయం కాదు. ఈ మాటలను మీ ఇంటికి మోసుకొనివచ్చే రేడియో కూడ ఒకనాడు విలాసవస్తువే. లైసెన్సు కట్టి, గుడ్డ కప్పి, ముందుగదిలో నిలిపిన వస్తువే. అయినా సాయంకాలం వార్తల వేళ ఇరుగుపొరుగు వచ్చి అరుగుపై కూర్చునేవారు. ఒక పెట్టె పదిళ్లకు పనికివచ్చినది. కొత్త వస్తువు ఇంటికి తెచ్చేముందు, అది బీరువాకు పోతుందో అరుగుమీదికి వస్తుందో ఆలోచించుకొంటే చాలును.