మరపు వ్యాధి – మన కుటుంబముల భారము

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, మనవారికి అది కృష్ణా మెట్టయే. ఇచ్చట పెద్దలు తిన్న సంగతి మరచి మరల అన్నమడిగినచో, పూర్వము ఇంటివారు “ముసలి చాదస్తము” అని సరిపెట్టుకొనెడివారు.

ఇట్టి మరపు మెదడుకు కలుగు వ్యాధియని 1906లో జర్మను వైద్యుడు ఆల్జీమర్ ఒక రోగి విషయములో వివరించెను. మన దేశములో ఈ రోగుల కొరకు ఒక సంఘము 1992లో కేరళలో ఏర్పడెను. 2023లో వెలువడిన పరిశోధన ప్రకారము 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా ఈ బాధ కలదు.

వృద్ధాశ్రమముల చరిత్ర వేరు. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అను స్త్రీ ఒక గ్రుడ్డి వృద్ధురాలికి తన మంచమునిచ్చి సేవ మొదలిడెను. ఆమె స్థాపించిన సహోదరీల సంఘము 1882లో కలకత్తా చేరెను. ఆ ఆశ్రమములు దిక్కులేనివారికై పుట్టినవి.

నేడు పిల్లలు హైదరాబాదులోను, అమెరికాలోను ఉండగా, దిక్కున్నవారికిని ఆశ్రమము అవసరమగుచున్నది. తల్లిని అచ్చట చేర్చిన కుమారుడు ఊరిలో తలయెత్తలేకున్నాడు. అత్తను ఇంటనే ఉంచుకొనిన కోడలు, ఆమె రాత్రివేళ తలుపు తీసికొని రోడ్డెక్కునేమోయని నిద్రమాని కాచుచున్నది. మేము దర్శించు గృహములలో ఈ రెండు దుఃఖములును కలవు. అతనిని నిందించి, ఈమెను పొగడి ఊరకుండుట తగదు.

2007 నాటి చట్టము పిల్లల బాధ్యతను నిర్ణయించెను గాని, కోడలికి ఒక రాత్రి నిద్రను ఇయ్యజాలదు. దానిని ఇరుగుపొరుగువారమైన మనమే ఇయ్యగలము. వారమునకొక రాత్రి ఆ తలుపు కడ మనలో ఒకరు కూర్చుందము. తల్లిని చూడబోవు ఆ కుమారునితో మనలో ఒకరు బస్సెక్కుదము.